సముద్రానికి టికెట్ ఎంత?

పోకెమాన్ రెడ్, బ్లూ ఆటల్లో సముద్రం దాటాలంటే ముందు 500 కట్టాలి. ఫ్యూషియా సిటీలోని సఫారీ జోన్‌కి ప్రవేశ రుసుం అది. డబ్బు కట్టాక 30 సఫారీ బంతులు చేతిలో పెట్టి లోపలికి పంపుతారు. లోపల 500 అడుగులకు మించి తిరగనివ్వరు. అడుగులు అయిపోతే ఆట మనల్ని బయటికి తెచ్చేస్తుంది, మళ్లీ 500 కట్టి మొదటి నుంచి నడవాలి. ఆ లెక్కలోపే ఆవరణలన్నీ చుట్టి, పడమటి వైపున్న రహస్య గృహానికి చేరితే అక్కడి మనిషి పోకెమాన్‌కు ఒక మూవ్ (విద్య) నేర్పే హెచ్‌ఎం 03 ఇస్తాడు. దాని పేరు సర్ఫ్. దాన్ని నేర్చిన పోకెమాన్ మనల్ని వీపు మీద ఎక్కించుకుని నీళ్లలో ఈదుతుంది.

అంతటితో పని అయిపోదు. అదే ఊళ్లో జిమ్ నడిపే కోగాను ఓడించి సోల్ బ్యాడ్జి తెచ్చుకోవాలి. ఆటలోని 8 బ్యాడ్జీల్లో ఇది 5వది. అది లేకపోతే సర్ఫ్‌ను పోరాటంలో వాడుకోవచ్చు గానీ నీళ్ల మీదికి పోలేం.

నెల్లూరు జిల్లా కావలి పిల్లలకు ఈ ఏర్పాటు వింతగా అనిపించదు. తుమ్మలపెంట దగ్గర సముద్రం ఏడాది పొడుగునా కళ్లెదుటే ఉంటుంది. అయినా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, మరబోట్లు వేటకు పోకూడదు. ఆటలోనూ నీళ్లు మొదటి నుంచే కనబడతాయి. కథ మొదలయ్యే పాలెట్ టౌన్‌కి దక్షిణాన ఉన్నది సముద్రమే. అక్కణ్ణుంచి 21వ రూట్ మీదుగా తిన్నగా కిందికి ఈదితే సినబార్ దీవి వస్తుంది, అక్కడ 7వ జిమ్ ఉంది. సొంతూరికి ఇంత దగ్గరున్న దీవికి సోల్ బ్యాడ్జి గెలిచేదాకా దారి లేదు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో ఈ ఆట వచ్చినప్పుడే సముద్రాన్ని ఇలా వాకిలిగా వాడుకున్నారు. పెద్ద గోడ కట్టి ఆపకుండా, వెళ్లాల్సిన చోటును చూపిస్తూనే ఆపడం నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఇక ఈదే జీవి సంగతి. మొదట్లోనే నీటి పోకెమాన్ స్క్విర్టిల్‌ని ఎంచుకున్నవాళ్లకు బాధ లేదు. చార్మాండర్‌నో బల్బసార్‌నో తీసుకున్నవాళ్లు వేరే ఏర్పాటు చూసుకోవాలి. మౌంట్ మూన్ దగ్గరి పోకెమాన్ సెంటర్‌లో ఒకడు మ్యాజికార్ప్‌ను అమ్ముతాడు, ధర 500. అది కొన్నప్పుడు ఎగిరి పడటం తప్ప ఏమీ రాని చేప, సర్ఫ్ నేర్చుకోదు. ఓపికగా పెంచితే 20వ లెవెల్‌లో గ్యారడోస్‌గా మారుతుంది, అప్పుడు నేర్చుకుంటుంది. డబ్బు, ఓపిక రెండూ లేనివాళ్లకు సిల్ఫ్ కంపెనీ భవనంలో ఒక ఉద్యోగి 15వ లెవెల్ లాప్రస్‌ను ఉచితంగా ఇస్తాడు.

అసలు ఖరీదు డబ్బుల్లో లేదు. వెంట తీసుకెళ్లగలిగేది 6 పోకెమాన్‌లను, ఒక్కోదానికి 4 మూవ్‌లు. మొత్తం 24 ఖాళీలు. ఈ మొదటి ఆటల్లో హెచ్‌ఎం మూవ్ నేర్పితే అంతే సంగతులు, దాన్ని మరిపించే దారే లేదు. మరిపించే మనిషి రెండో తరం ఆటల్లో గానీ రాలేదు. అందుకే కట్, ఫ్లాష్ లాంటి హెచ్‌ఎంలు నేర్పాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కట్ పవర్ 50. ఫ్లాష్‌కు పవర్ అనేదే లేదు. అలాంటి మూవ్ మంచి పోకెమాన్‌లో ఒక గడిని శాశ్వతంగా తినేస్తుంది.

సర్ఫ్ అలా కాదు. మొదటి తరంలో దాని పవర్ 95, గురి 100 శాతం, పీపీ 15, అంటే సెంటర్‌కి వెళ్లి రాకుండా 15 సార్లు వాడొచ్చు. నీటి మూవ్‌లలో అందరూ గొప్పగా చెప్పుకునేది హైడ్రో పంప్, పవర్ 120. కానీ దాని గురి 80 శాతం, పీపీ 5. సగటున చూస్తే ఒక దెబ్బకు హైడ్రో పంప్ 96, సర్ఫ్ 95. దాదాపు సమానమే. పీపీతో గుణిస్తే హైడ్రో పంప్ 480 దగ్గర ఆగిపోతుంది, సర్ఫ్ 1,425కి పోతుంది. నూరు శాతం గురి అన్నా, మొదటి తరం ప్రోగ్రామ్‌లోని ఒక లోపం వల్ల 256 సార్లలో ఒకసారి తప్పుతుంది. దాన్ని కలుపుకున్నా లెక్క పెద్దగా మారదు.

ఈ లెక్క సినబార్ చేరాక తెలిసొస్తుంది. అక్కడి జిమ్ నాయకుడు బ్లేన్‌వి నాలుగూ నిప్పు పోకెమాన్‌లే, అన్నిటికన్నా బలమైన ఆర్కనైన్‌ది 47వ లెవెల్. నీటి జీవి నీటి మూవ్ వేస్తే 1.5 రెట్లు, నిప్పు మీద వేస్తే 2 రెట్లు. 95ని ఆ రెండిటితో గుణిస్తే 285. దీవికి చేర్చిన మూవే దీవిలో గెలిపించే ఆయుధం కూడా. దారి కోసం ఖర్చు పెట్టించిన గడిని ఆట ఇక్కడ వడ్డీతో తిరిగి ఇచ్చేస్తుంది.

అదే దీవి తూర్పు ఒడ్డున సర్ఫ్ చేస్తూ పైకీ కిందికీ తిరిగిన పిల్లలు ఇంకోటి కనిపెట్టారు. ఒడ్డును ఆనుకున్న గడులు చూడటానికి నీళ్లే గానీ, ఆట మాత్రం అక్కడ గడ్డిలో తిరిగే పోకెమాన్‌ల జాబితాను చదువుతుంది. సినబార్‌కు అలాంటి జాబితా లేదు కాబట్టి మెమరీలో అంతకుముందు ఏది మిగిలి ఉంటే అదే బయటికొస్తుంది. విరిడియన్ సిటీ ముసలాయన పోకెమాన్‌ను ఎలా పట్టాలో బంతి విసిరి చూపించేటప్పుడు ఆట మన పేరును తాత్కాలికంగా సరిగ్గా ఆ చోటే దాస్తుంది. అక్కణ్ణుంచి తిన్నగా ఎగిరి వచ్చి ఈదితే పేరులోని అక్షరాలే జీవులై మీదికొస్తాయి. వాటిలో పేరుపడ్డది మిస్సింగ్‌నో. అది కనబడితే చాలు, సంచిలో 6వ వస్తువుకు 128 కలుస్తాయి. ఆ వస్తువు లెవెల్ పెంచే రేర్ క్యాండీ అయితే ఇక చెప్పేదేముంది!

2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలు సముద్రాన్ని వాకిలిగా వాడే ఈ పద్ధతిని మితిమీరి వాడాయి. హోయెన్ ప్రాంతంలో 101 నుంచి 134 దాకా 34 రూట్లు. అందులో 105 నుంచి 109, 122, 124 నుంచి 134 ప్రధానంగా నీళ్లే. కలిపితే 17, సరిగ్గా సగం. సర్ఫ్ 5వ బ్యాడ్జి తర్వాత వస్తుంది. మునగడానికి డైవ్ కావాలి, దానికి 7వ బ్యాడ్జి. జలపాతం ఎక్కడానికి వాటర్‌ఫాల్, దానికి 8వది. మూడూ ఒకే పోకెమాన్‌కి నేర్పితే దానికి మిగిలేది ఒక్క మూవ్. వీటి పునర్నిర్మాణాలు 2014లో వచ్చినప్పుడు ఐజీఎన్ వెబ్‌సైట్ 10కి 7.8 ఇచ్చి, లోపాల్లో నీళ్లు ఎక్కువయ్యాయని కూడా రాసింది. ఆ మాటను జనం ఎంత ఎగతాళి చేసినా, 34లో 17 అన్న లెక్క ముందు పెట్టుకుంటే నేను ఆ విమర్శ వైపే ఉంటాను.

2016 నవంబరులో సన్, మూన్ ఆటలు హెచ్‌ఎంలనే ఎత్తేశాయి. లాప్రస్ పిలిస్తే వస్తుంది, మన మూవ్ గడుల్లో ఒక్కటీ పోదు. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లో సైకిలే నీళ్ల మీద నడుస్తుంది. ఆడేవాడికి హాయిగానే ఉంటుంది, కానీ ఏ జీవి ఏ మూవ్ వదులుకోవాలా అని తలబట్టుకునే ఆ అరగంట ఇప్పుడు లేదు. నాకు అది లోటే.

2022 నాటి స్కార్లెట్, వయొలెట్ ఆడుతున్న పిల్లలకు కావాల్సిన లెక్క ఇదీ. మనం ఎక్కి తిరిగే కొరైడాన్ లేదా మిరైడాన్‌కు మొదట్లో ఈత రాదు. లోతు నీళ్లలోకి దూకితే ఆట మళ్లీ ఒడ్డున పెడుతుంది. టైటాన్‌లనే 5 భారీ పోకెమాన్‌లలో ఆకాశ టైటాన్ అయిన బాంబర్డియర్‌ను ఓడిస్తే ఈత వస్తుంది. అది 20వ లెవెల్‌ది, మ్యాపులో పడమటి ప్రాంతంలో ఉంటుంది. కొండ ఎక్కుతుంటే పైనుంచి బండలు దొర్లిస్తుంది, తప్పుకుంటూ పోవాలి. ఒకసారి దెబ్బతిన్నాక మూలిక తిని బలం పుంజుకుని రెండోసారి తిరగబడుతుంది, కాబట్టి మందులు అన్నీ మొదటి విడతలోనే ఖర్చు పెట్టుకోవద్దు. ఎలక్ట్రిక్, ఐస్, రాక్, ఫెయిరీ మూవ్‌లు దానికి 2 రెట్లు తగులుతాయి. టైటాన్‌లలో ఇంతకన్నా తేలికైనది 16వ లెవెల్ క్లాఫ్ ఒక్కటే. దాన్ని ముగించి నేరుగా ఇక్కడికే రండి. జిమ్‌ల కోసం ఆగక్కర్లేదు, ఈతకు ఇప్పుడు ఒక్క బ్యాడ్జి కూడా అడగరు.