శనివారాల లెక్క

"వదినా, ఇంతకీ పిలుస్తున్నది భోజనానికా, కేటలాగుకా?"

ఫోన్లో ఆవిడ నవ్వుతూనే అడిగారు. స్పీకర్ ఆన్‌లో ఉంది కనుక నాకూ వినిపించింది. మా ఆవిడ కూడా నవ్వి, "భోజనానికే వదినా" అంది. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటికి ఆవిడ ఇళ్ళలో పార్టీలు పెట్టి వంటింటి సామాను అమ్మడం మొదలుపెట్టి ఎనిమిది నెలలు. ఏళ్ళ తరబడి హెచ్-4 వీసా మీద ఇంట్లో కూర్చున్న మనిషి. గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చిన హెచ్-1బి వాళ్ళ భార్యలకు, భర్తలకు 2015 మే 26 నుంచి పని అనుమతి దొరకడం మొదలైంది కదా, ఆ కార్డు చేతికి రాగానే తనంతట తాను మొదలుపెట్టిన పని ఇది. (ఆ అనుమతి లేనివాళ్ళు "ఇంట్లోనే కదా, ఏముందిలే" అని ఇందులోకి దిగకండి. కమిషన్ పది డాలర్లయినా అది పనే. హెచ్-1బి మీద ఉన్న మనిషి పేరున నడిపినా తప్పే.)

ఈ పద్ధతి మనం ఈ దేశం రాకముందు నుంచీ ఉన్నదే. ఎర్ల్ టప్పర్ 1946లో తన ప్లాస్టిక్ డబ్బాలు అమ్మకానికి తెస్తే, దుకాణాల్లో అవి కదల్లేదు. మూత నొక్కి గాలి ఎలా బయటికి పంపాలో చేసి చూపించే మనిషి కావాలి మరి! ఆ పని ఇళ్ళలో పార్టీలు పెట్టి చేసి చూపించినావిడ బ్రౌనీ వైజ్. 1951లో కంపెనీ తన డబ్బాలను దుకాణాల నుంచి తీసేసి, పార్టీల వ్యాపారమంతా ఆమె చేతిలో పెట్టింది. 1954లో బిజినెస్ వీక్ ముఖచిత్రానికి ఎక్కిన మొదటి మహిళ ఆమే. 1958లో ఆమెనే ఇంటికి పంపేశారు. ఆ టప్పర్‌వేర్ కంపెనీ కూడా 2024 సెప్టెంబరులో దివాలా రక్షణ కోసం కోర్టు మెట్లెక్కింది. అంత పెద్ద సంస్థ కథే అలా ఉంటే మన ఇంటి వ్యాపారానికి లెక్క ఇంకెంత గట్టిగా ఉండాలి?

ఆ లెక్క మా ఇంట్లో ఆలస్యంగా మొదలైంది. తప్పు నాదే. ఆఫీసులో ఏ సర్వర్ మీద ఎంత భారం పడుతుందో నెలల ముందే అంచనా వేసే మనిషిని, ఇంట్లో ఒక్క ఎక్సెల్ షీటు తెరవలేదు. "నెలకు నాలుగు పార్టీలా? భేష్" అనుకుని ఊరుకున్నాను. ఒక ఆదివారం కూర్చుని ఒక్క పార్టీ విడిగా లెక్క వేశాం. అమ్మకం నాలుగు వందల డాలర్లు, అందులో పాతిక శాతం కమిషన్, అంటే వంద. పార్టీ ఇచ్చిన ఇల్లాలికి కానుక 20, సమోసాలూ టీలూ 15. రానూపోనూ ముప్ఫై మైళ్ళు, ఐ.ఆర్.ఎస్. 2025కి ఇచ్చిన మైలుకు 70 సెంట్ల లెక్కన 21. మిగిలింది 44 డాలర్లు. ఇక గంటలు: పార్టీకి రెండు, కారులో ఒకటి, ముందు ఫోన్లకు రెండు, ఆర్డర్లు ఎక్కించి సామాను విడదీసి పంచడానికి రెండు. మొత్తం ఏడు. గంటకు ఆరు డాలర్ల చిల్లర! ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 దగ్గరే ఉంది. మేం దానికీ అందలేదు. పైగా ఏడాది నికర లాభం 400 డాలర్లు చేరితే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కట్టాలి.

అదే ఊళ్ళో, అదే శనివారం, పొద్దున పదకొండింటికి ఒక పార్టీ, సాయంత్రం నాలుగింటికి ఇంకొకటి పెడితే? కారు ఖర్చు ఒక్కసారే. ఆర్డర్లు ఒక్కసారే ఎక్కించవచ్చు. కమిషన్ 200లో ఖర్చులు 91 పోగా 109 మిగులుతుంది. గంటలు పన్నెండు. గంటకు తొమ్మిది దాటింది. ఒక్క డబ్బా కూడా ఎక్కువ అమ్మలేదు, తేదీ మార్చామంతే.

అక్కడి నుంచి క్యాలెండర్ మా అమ్మాయి చేతికి వెళ్ళింది. అప్పుడు ఏడో తరగతి. ఫ్రిజ్ మీద పెద్ద కాగితం అంటించి, ముట్టుకోకూడని వారాలకు ఎర్రరంగు వేసింది. సంక్రాంతి, ఉగాది సరే. కానీ మన పండుగ పంచాంగం ప్రకారం కాదు కదా, హైస్కూలు ఆడిటోరియం దొరికిన శనివారం వస్తుంది! ఆ తేదీలు అసోసియేషన్ వాళ్ళనే అడిగి రాసింది. మే నెలాఖరు నుంచి గ్రాడ్యుయేషన్లు, అరంగేట్రాలు. రెండేళ్ళకోసారి జూలై నాలుగు దరిదాపుల్లో తానా మహాసభలు. వేసవిలో సగం ఊరు ఇండియాలోనే. పితృపక్షంలో కొత్త సామాను కొనని ఇళ్ళున్నాయి. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆదివారం ఒకటి. ఎరుపు పోగా తెల్లగా మిగిలిన శనివారాలు ఇరవై రెండే.

ఆ ఇరవై రెంటినీ ఎలా నింపాలన్నదే అసలు పని. పార్టీ ముగిసేలోపు వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు తమ ఇంటికి తేదీ ఇవ్వాలి. "తర్వాత చెప్తాలెండి" అన్న తేదీ రాదు. మూడు వారాలు దాటిన తేదీ చాలాసార్లు రద్దవుతుంది, పిల్లాడికి జ్వరమో, అత్తగారి ప్రయాణమో. అందుకే రెండు పార్టీలు జరగాలంటే మూడు తేదీలు తీసుకునేది మా ఆవిడ. నెలాఖరున కంపెనీ పెట్టిన కనీస అమ్మకం అందుకోవడానికి సొంత డబ్బుతో కొనడం మాత్రం మానేసింది. అలా కొన్న డబ్బాలు రెండేళ్ళు మా గరాజ్‌లో కారు చోటు ఆక్రమించాయి.

అంతా బాగానే ఉంది కానీ, లెక్కలో పట్టని సంగతి ఒకటుంది. మనకున్నవి ఇరవై, పాతిక కుటుంబాలు. ఈ ఇంట్లో కొన్నవాళ్ళే ఆ ఇంటికీ వస్తారు. మా ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే, ఆగని లూప్. ఆగస్టులో వరలక్ష్మీవ్రతం పేరంటానికి వచ్చినవాళ్ళ తాంబూలం కవర్లలో, జాకెట్టు గుడ్డ, శనగల పక్కన మా ఆవిడ ఒక్కో కేటలాగు పెట్టింది. అందరూ వెళ్ళాక చూస్తే చెప్పుల స్టాండు మీద నాలుగు కేటలాగులు నీటుగా పేర్చి ఉన్నాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. మొదట్లో చెప్పిన ఫోన్ ఆ తర్వాతి వారానిదే.

తర్వాత పార్టీలు తగ్గాయి. ఒక్కో తెలుగు ఇంటికి ఏడాదికి రెండు పిలుపులే. మిగతావి పిల్లల ఈత క్లాసు తల్లుల దగ్గర, వీధిలోవాళ్ళ దగ్గర, నా ఆఫీసులో ఒకావిడ ఇంట్లో. అమ్మకం పార్టీ అయితే ఆ మాట పిలుపులోనే రాస్తుంది. పండుగకో, పుట్టినరోజుకో పిలిస్తే కేటలాగులు పైగదిలో తాళం వేసి ఉంటాయి. ఆ ఏడాది అమ్మకాలు తగ్గాయి, గంటకు మిగిలింది పెరిగింది.

మరుసటి శ్రావణంలో ఆ వదినగారు మళ్ళీ పేరంటానికి వచ్చారు. బొట్టు పెట్టించుకుని గుమ్మం దగ్గర నిలబడి, "అక్టోబరులో మా ఇంట్లో ఒకటి పెట్టుకుందామా? దీపావళికి ఇవ్వడానికి పది సెట్లు కావాలి" అన్నారు.

ఫ్రిజ్ మీద అక్టోబరులో రెండు తెల్ల గళ్ళు ఉన్నాయి. మా అమ్మాయి పెన్ను తీసింది కూడా.

"ఆ మాట సోమవారం ఫోన్లో మాట్లాడుకుందాం వదినా" అంది మా ఆవిడ. "ముందు ఈ శనగలు తీసుకోండి."