కొవ్వొత్తి ఆర్పిన రోబో పత్తి గోదాములోకి వస్తే

చవక అగ్నిమాపక రోబోకు పురుడు పోసింది కొవ్వొత్తి. అమెరికాలోని ట్రినిటీ కాలేజీ 1990ల నుంచి నడిపిన పోటీలో ఎనిమిదడుగుల చదరంలో గదులు కట్టి, ఒక గదిలో కొవ్వొత్తి వెలిగించేవారు. రోబో మనిషి సాయం లేకుండా దాన్ని వెతికి ఆర్పాలి. 2005లో ఇటలీలో ఆర్డునో బోర్డు పుట్టాక ఈ ఆట మన ఇంజనీరింగ్ కుర్రాళ్లకూ అందింది. మంటను చూసే కన్ను వంద రూపాయల లోపే: 760 నుంచి 1100 నానోమీటర్ల పరారుణ కాంతిని పట్టే నల్లటి బుడిపె.

చిక్కంతా ఆ కంటితోనే. చీరాలలో మే నెల మధ్యాహ్నం గోదాము షట్టర్ ఎత్తితే లోపల పడే ఎండలోనూ అదే పరారుణం దండిగా ఉంటుంది. రోబో ఎండ మీద నీళ్లు చల్లుతుంది! దీనికి మందుంది: 185 నుంచి 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని మాత్రమే చూసే ట్యూబు. సూర్యుడి నుంచి వచ్చే ఆ కిరణాలను వాతావరణంలోని ఓజోన్ నేలకు దిగనివ్వదు, కాబట్టి ఎండకు అది మోసపోదు. వెల్డింగ్ మెరుపుకు మోసపోతుంది. ధర మాత్రం పదుల రెట్లు.

పత్తికి ఇదీ చాలదు. జిన్నింగ్ మిల్లులో ఇనపముక్క రాపిడికి లేచిన నిప్పురవ్వ పత్తితో పాటే 170 కిలోల బేలులోకి చేరితే, మంట లేకుండా లోలోపలే రాజుకుంటుంది. బయటపడటానికి రోజులు పట్టొచ్చు. అక్కడ కన్ను కాదు, ముక్కు కావాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే సెన్సర్ ఆ పని చేస్తుంది, కానీ చవకవి తేమకు తడబడతాయి. చీరాలేమో సముద్రం పక్క ఊరు. ఏ గోదాములో తిరగాలో ఆ గోదాము గాలికే దాన్ని సరిచూసుకోవాలి.

రోబోకు బిగించిన నీళ్ల పంపు పీకేయమంటాను నేను. బిగించిన బేలు పైన ఎన్ని నీళ్లు చల్లినా లోపలి నిప్పు తడవదు. 2019లో పారిస్ నోత్రదామ్ చర్చిలో నీళ్లు కొట్టిన కొలోసస్ రోబో అర టన్ను బరువు, అదీ మనిషి రిమోట్‌తో నడిపిందే. మన బుల్లి బండి రాత్రంతా బేళ్ల మధ్య తిరిగి, వాసన తగిలితే సైరన్ మోగించి ఫోన్ చేస్తే చాలు. 101కి కబురు మనుషులు పెట్టుకుంటారు.

ఇదే బండిని గోదాములో కాక నేత షెడ్డులో తిప్పాలంటే ఇంకో పేచీ. ఎదురుగా ఉన్న గోడను చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు గుంట మగ్గం గుంట కనబడదు. కిందికి చూసే సెన్సర్ ఒకటి ముందు చక్రాల దగ్గర బిగించి, నేల తగలకపోతే మోటార్లు ఆపేలా ప్రోగ్రాం రాయాలి.