అతుకు కనపడని రింగు

చెవిపోగు కంటె కాస్త పెద్దదైన స్టీలు రింగు. తాడుకూ గాలానికీ నడుమ జాలరులు దానిని కట్టుకుంటారు. తాడు ఎంత గట్టిదైనా, గాలం ఎంత వాడిదైనా, చేప లాగినప్పుడు ఆ బరువంతా మోయవలసినది ఈ రింగే. తీగను వంచి కొసలు వట్టినే దగ్గరకు చేరిస్తే సందులోనుంచి తాడు జారిపోతుంది. లేదా రింగే విచ్చుకుంటుంది. అందుచేత కొసలు రెండూ కరిగి ఒకటి కావాలి. ఈ పనిని విశాఖపట్నంలో నా పూర్వ విద్యార్థి ఒకడు నడుపుతున్న వెల్డింగు షాపులో చూచాను.

మన కంసాలి పని గుర్తు తెచ్చుకోండి. ఉంగరం కొసల మధ్య టంకం పెట్టి, వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంట ఊదుతాడు. బంగారం కరగదు, దానికంటె ముందు కరిగే టంకం కొసలను పట్టుకుంటుంది. వెలిగారం లోహానికి గాలి సోకకుండా కాస్తుంది. మావాడు చేసే టిగ్ వెల్డింగులో టంకమూ లేదు, వెలిగారమూ లేదు. పెన్సిలులాగా మొన తీసిన టంగ్‌స్టన్ పుల్ల ఉంటుంది. ఆ మొననుంచి రింగు మీదికి విద్యుత్తు నిప్పై దూకుతుంది. స్టీలు సుమారు 1400 డిగ్రీల వద్ద కరుగుతుంది. టంగ్‌స్టన్ 3422 డిగ్రీల దాకా కరగదు. కనుక పుల్ల నిలుస్తుంది, రింగు కొసలు కరిగి కలుస్తాయి.

వెలిగారం చేసే కాపలా ఇక్కడ ఆర్గాన్ వాయువుది. 1894లో రేలే, రామ్సే అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఈ వాయువు దేనితోనూ కలవదు గనుక, గ్రీకు భాషలో "సోమరి" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. సోమరికి ఇంత తగిన ఉద్యోగం మరొకటి దొరకదు! ఈ పద్ధతి అమెరికాలో 1940ల ఆరంభంలో విమానాల కోసం పుట్టినది. అప్పుడు వాడినది హీలియం.

పెద్ద రేకుకంటె చిన్న రింగు అతకడమే కష్టం. రేకులో వేడి నాలుగు పక్కలకూ పాకిపోతుంది. 2 మిల్లీమీటర్ల తీగలో అది పోవడానికి చోటేదీ? కాస్త ఆలస్యమైతే రింగు ముద్దయి కూర్చుంటుంది. అందుకని రింగును రాగి దిమ్మమీద పెడతాడు. రాగి వేడిని లాగేసుకుంటుంది. కొసలు ఒకదాని ముఖం ఒకటి చూచేటట్లు ఆనించి, రెప్పపాటు నిప్పు తాకిస్తాడు. (ఆ నిప్పును నల్లద్దం లేకుండా చూస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్లుంటుంది. పిల్లలను దూరంగా ఉంచండి.) నిప్పు ఆరినా చేయి కదపడు. ఎరుపు తగ్గేదాకా ఆర్గాన్ ఊదుతూనే ఉంటుంది.

అతుకు లేత బంగారు రంగులో ఉంటే సంతోషిస్తాడు, నీలం తిరిగితే మొహం చిట్లిస్తాడు, నల్లబడితే పారేస్తాడు. ఇది అందానికి కాదు. స్టీలులోని క్రోమియంవల్ల పైన ఏర్పడే సన్నని పొరే దానిని తుప్పునుంచి కాపాడుతుంది. వేడిలో గాలి సోకి ఆ పొర చెడిన చోటనే ఉప్పునీరు పని మొదలుపెడుతుంది. సముద్రానికి 316 రకం స్టీలు వాడేదీ అందుకే. దానిలో 2, 3 శాతం మాలిబ్డినం ఉంటుంది.

నేను ఉండగానే పూడిమడకనుంచి ఒక జాలరి వచ్చాడు. గాలాలతో టూనా పట్టడంలో పూడిమడకవారు పేరుపొందినవారు. తెగిన రింగు తీసి బల్లమీద పెట్టాడు.

"సూడు తమ్ముడూ. పడవ దగ్గరకొచ్చిన సేప. డీజిలు డబ్బులు కూడా రానేదు."

మావాడు రింగును భూతద్దంకింద చాలాసేపు చూచాడు. "ఇది నేను చేసిందే, అన్నా. అతుకు ఊడలేదు. అతుకు పక్కన తెగింది."

నాకు విప్పి చెప్పాడు: "ఈ తీగను సాగదీసి గట్టిపరుస్తారు, మాస్టారూ. వేడి తగిలినచోట ఆ గట్టిదనం పోతుంది. అతుకు బాగానే ఉంటుంది, పక్కది మెత్తబడుతుంది."

ఆ మెత్తదనాన్ని లెక్కలో వేసుకుని ఈసారి 3 మిల్లీమీటర్ల తీగ తీశాడు. డజను రింగులు చేసి, ఒకదానిని చెయిన్ బ్లాకుకు తగిలించి తెగేదాకా లాగాడు. చాలా బరువుకుగాని తెగలేదు. తక్కినవాటి అతుకులు ఆకురాయితో నున్నగా చేసి, రంగు తుడిచి ఇచ్చాడు.

జాలరి ఒక్కొక్కదాని చుట్టూ బొటనవేలి గోరు తిప్పిచూచాడు. ఎక్కడా తగలలేదు.

"ఎక్కడతికినావో నువ్వే సెప్పాలి," అని, రింగులన్నీ నైలాను దారానికి గుచ్చి ముడివేసుకున్నాడు.