కారణం తెలియని మరణం

రాత్రి పాలు త్రాగి పడుకొన్న మా పెంపుడు పిల్లి తెల్లవారేసరికి ప్రాణాలు విడిచి ఉంది. దేహంపై గాయమైనా లేదు. పొరుగింటివారు విషం పెట్టారేమోనని శంకించాం. మా అశ్రద్ధే కారణమేమోనని కుమిలిపోయాం.

పిల్లులలో తరచుగా కనిపించే హృద్రోగం గుండె కండరం దళసరి కావడం. పైకి ఏ లక్షణమూ చూపకుండానే అది హఠాత్తుగా ప్రాణం తీయగలదు. మెయిన్ కూన్ జాతి పిల్లులలో ఇందుకు మూలమైన జన్యులోపాన్ని శాస్త్రజ్ఞులు 2005లో గుర్తించారు. అయితే మరణకారణం తెలియాలంటే పాతిపెట్టక మునుపే పశువైద్యునిచేత శవపరీక్ష చేయించాలి. మేము చేయించలేదు, కనుక మాకిక తెలియదు.

విద్యార్థులారా, దుఃఖించడం సహజం. తెలియనిదానికి దోషిని వెదకడం మాత్రం న్యాయం కాదు. ఆ సాయంత్రమే పొరుగింటికి వెళ్ళి మా అనుమానం చెప్పి క్షమాపణ కోరాం.