పాత గుర్రంపై పందెం

ఆట చివరి దశకు చేరిన పేరున్న స్ట్రైకర్‌కు డబ్బు పోయడం తెలివా, దుబారానా? ఫుట్‌బాల్‌లో ఇప్పుడిప్పుడే అడుగులు వేస్తున్న సూరత్‌కు హైదరాబాద్ అనుభవంలో జవాబుంది

2023 డిసెంబర్ 9. సూరత్‌లోని లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టొకటి ఫైనల్ ఆడింది. ఆటగాళ్లలో చాలామంది అసలు క్రికెట్‌కు ఎప్పుడో సెలవు చెప్పినవారే. లెజెండ్స్ లీగ్ అంటేనే అది కదా. ఒకవైపు సురేశ్ రైనా, మరోవైపు హర్భజన్ సింగ్. కప్పు హర్భజన్ సారథ్యంలోని మణిపాల్ టైగర్స్‌కు దక్కింది. హైదరాబాద్ జట్టు ఓడినందుకు హైదరాబాద్‌లో ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు. అలాంటి లీగులో గెలుపోటములు రెండో విషయం. జనం వచ్చేది ఒకప్పటి హీరోలను చూడ్డానికి.

క్రికెట్‌లో ఈ వ్యాపారం నిలబడుతుంది. ఫుట్‌బాల్‌లో నిలబడుతుందా? సూరత్ ఈ ప్రశ్న వేసుకోవాల్సిన రోజు ఎంతో దూరంలో లేదు. 2024 మేలో గుజరాత్ సూపర్ లీగ్ పేరిట ఆరు జట్లతో రాష్ట్రస్థాయి పోటీ మొదలైంది. అందులో సూరత్ స్ట్రైకర్స్ ఒకటి. పేరు సూరత్‌దే అయినా మ్యాచ్‌లు మాత్రం అహ్మదాబాద్‌లో జరిగాయి. ఇలాంటి కొత్త క్లబ్బుకు జనాన్ని రప్పించడానికి అందరికీ ముందుగా తట్టే ఉపాయం, వయసు మళ్లినా పేరు మాయని ఒక స్ట్రైకర్‌ను తెచ్చి పోస్టర్ మీద నిలబెట్టడం. దేశంలో అంతకన్నా పెద్ద క్లబ్బులు ఇదే పని చేసి చూశాయి. లెక్కలన్నీ రికార్డుల్లో ఉన్నాయి.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మొదలైనప్పుడు ప్రతి జట్టుకూ ఒక ‘మార్క్యూ’ ఆటగాడు కావాలన్నారు. ఢిల్లీ డైనమోస్ ఇటలీ దిగ్గజం డెల్ పియరోను తెచ్చుకుంది. ఆ సీజన్ మధ్యలోనే ఆయనకు 40 ఏళ్లు నిండాయి. చేసిన గోల్ ఒక్కటి. జువెంటస్‌లో ఆయన సహచరుడు, ఫ్రాన్స్ ఆటగాడు ట్రెజగే పుణె సిటీ తరఫున రెండు గోల్స్ చేశాడు. 2017-18లో బెర్బటోవ్ కేరళ బ్లాస్టర్స్‌కు ఇచ్చింది ఒకే గోల్. అదే సీజన్‌లో రాబీ కీన్ కోల్‌కతాకు ఎనిమిది గోల్స్ చేసిపెట్టినా జట్టు తొమ్మిదో స్థానంలో ఆగిపోయింది. టికెట్లు అమ్ముడుపోయి ఉండవచ్చు, టీవీలో పేర్లు మార్మోగి ఉండవచ్చు. ఆ క్లబ్బుల ఆట మాత్రం మెరుగుపడలేదు. ట్రెజగేను తెచ్చిన పుణె సిటీ 2019లో అసలు మూతపడింది. ఖాళీ అయిన ఆ స్థానంలోకే హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. కోచ్ రహీమ్ ఈ ఊరివాడే. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ దేశం మెచ్చిన ఫార్వర్డ్ అయ్యాడు. అనారోగ్యం వల్ల 1963లో, ముప్పై నిండకుండానే ఆట మానేశాడు. ఆ రోజుల్లో 36 ఏళ్ల ఫార్వర్డ్ అంటే వినేవాళ్లకు నవ్వు వచ్చేదేమో. 2021లో కొత్త హైదరాబాద్ క్లబ్ సరిగ్గా అలాంటివాడినే తెచ్చుకుంది. నైజీరియాకు చెందిన బార్తొలోమ్యూ ఒగ్బెచె 17 ఏళ్ల వయసులో 2002 ప్రపంచ కప్ ఆడినవాడు. పారిస్ సెయింట్ జర్మేన్‌లో ఓనమాలు దిద్దుకుని, యూరప్‌లో ఎన్నో క్లబ్బులు తిరిగి, 2018లో భారత్ వచ్చాడు.

కాగితం మీద అది అంత గొప్ప బేరంలా కనిపించలేదు. నార్త్‌ఈస్ట్‌కు 12 గోల్స్, కేరళకు 15 గోల్స్ చేసినవాడు ముంబైలో 2020-21 సీజన్‌కు ఎనిమిదికి తగ్గాడు. అదే సీజన్‌లో హైదరాబాద్‌కు పది గోల్స్ చేసిన అరిదానె సంతానా వెళ్లిపోయి ఆ చోట ఒగ్బెచె వచ్చాడు. పైగా ఆ ఏడాదే మైదానంలో ఉండదగ్గ విదేశీయుల సంఖ్యను లీగు ఐదు నుంచి నాలుగుకు కుదించింది. అంటే ఉన్న నాలుగు కుర్చీల్లో ఒకటి 37వ ఏట అడుగుపెడుతున్న మనిషికి. మోకాలు మొరాయిస్తే సీజన్ అంతా కుంటినడకే.

మొరాయించలేదు. ఒగ్బెచె ఆ సీజన్‌లో 18 గోల్స్ చేశాడు. ఒక సీజన్‌లో అత్యధిక గోల్స్ విషయంలో కోరో రికార్డును అందుకున్నాడు, లీగు చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసినవాడయ్యాడు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ పెనాల్టీ షూటవుట్‌లో 3-1తో కేరళను ఓడించి కప్పు ఎత్తింది. తమాషా ఏమిటంటే ఆ రాత్రి హీరో ఒగ్బెచె కాదు. 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది సాహిల్ తవోరా, షూటవుట్‌లో మూడు కిక్‌లు ఆపింది గోల్‌కీపర్ కట్టిమణి.

గుట్టంతా అక్కడే ఉంది. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ అప్పటికే ఏడాదిగా కుర్రాళ్లతో జట్టు కట్టుకుంటూ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ రెండు అంచుల్లో పరుగెత్తేవారు. యాసిర్, నిఖిల్ పూజారి బంతి అందించేవారు. మధ్యలో జోవా విక్టర్ కాపు కాసేవాడు. పరుగు వాళ్లది, ముగింపు ఒగ్బెచెది. పెనాల్టీ బాక్సులో ఎక్కడ నిలబడితే బంతి తన కాళ్ల దగ్గరికి వస్తుందో తెలిసినవాడికి మైదానమంతా తిరగాల్సిన పని లేదు. వయసు కాళ్లలోని వేగాన్ని తీసుకుపోతుంది గానీ ఆ ఎరుకను అంత త్వరగా తీసుకుపోదు. కుర్రాళ్లు తయారైన జట్టులో చివరి ఖాళీని నింపడానికి వచ్చాడు గనుక ఒగ్బెచె పనికొచ్చాడు. డెల్ పియరో వచ్చింది అప్పుడే పుట్టిన జట్టులోకి.

హైదరాబాద్ అదృష్టం కూడా కొంత ఉంది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. విమాన ప్రయాణాలు లేవు, ఊరూరా హోటళ్లు లేవు. పెద్ద వయసు ఆటగాడికి ఇది చిన్న వరం కాదు. మళ్లీ ఊళ్లు తిరగాల్సి వచ్చిన 2022-23లో ఒగ్బెచె గోల్స్ 18 నుంచి 10కి పడిపోయాయి. 38 ఏళ్ల వయసులో పది గోల్స్ తక్కువేమీ కావు. జట్టు మళ్లీ రెండో స్థానంలో నిలిచి సెమీఫైనల్‌లో ఓడింది.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. హైదరాబాద్‌ను దెబ్బతీసింది ఆటగాడి వయసు కాదు, క్లబ్ ఖజానా. మాజీ ఆటగాళ్ల బకాయిలు తీర్చకపోవడంతో కొత్తవారిని నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. మార్కెజ్ 2023లోనే గోవాకు వెళ్లిపోయాడు. కప్పు గెలిచిన రెండేళ్లకు, 2023-24 సీజన్‌లో, హైదరాబాద్ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి ఎనిమిది పాయింట్లతో అట్టడుగున మిగిలింది. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియానికి ఐఎస్ఎల్ జట్టు లేకుండా పోయింది. జీతం ఇవ్వగలమా అన్న ప్రశ్న ముందు వయసెంత అన్న ప్రశ్న చిన్నదే.

మార్కెజ్ కథలో మరో మలుపు కూడా చూడాలి. 2024లో ఆయన భారత జట్టు కోచ్ అయ్యాడు. ఆ జూన్‌లోనే సునీల్ ఛెత్రి జాతీయ జట్టు నుంచి రిటైరయ్యాడు. గోల్ చేసేవాడు దొరకక మార్కెజ్ 2025 మార్చిలో ఛెత్రిని వెనక్కి పిలిచాడు. ఛెత్రి కూడా ఒగ్బెచెలా 1984లో పుట్టినవాడే, ఒగ్బెచె 63 గోల్స్ రికార్డును దాటింది కూడా అతనే. 2024-25లో బెంగళూరుకు 14 గోల్స్ చేశాడు. కాబట్టి పిలుపు అన్యాయం కాదు. మాల్దీవుల మీద గోల్ చేశాడు కూడా. కానీ బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్ చేతిలో 0-1. జులైలో మార్కెజ్ తప్పుకున్నాడు. అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో ఓడి భారత్ ఆసియా కప్‌కు దూరమైంది. అదే కోచ్, అదే వయసు స్ట్రైకర్. లేనిది వెనకాల హైదరాబాద్‌లో ఉన్నంత కుదురైన జట్టు.

ఛెత్రి తర్వాత ఎవరు అన్న ప్రశ్న తలెత్తడంలో క్లబ్బుల పాపమూ ఉంది. సెంటర్ ఫార్వర్డ్ చోటు ఏళ్ల తరబడి విదేశీయులకే రాసిచ్చారు. భారత కుర్రాడు అంచులకు జరిగాడు, లేదా బెంచీకి. ఒగ్బెచె గోల్స్ చూసి చప్పట్లు కొట్టినవారు ఈ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ తర్వాత వేరే క్లబ్బులకు వెళ్లి జాతీయ జట్టుకు ఆడారు. 38 ఏళ్ల స్ట్రైకర్‌ను తిరిగి అమ్ముకునే వీలుండదు.

ఇప్పుడు సూరత్ సంగతి. వస్త్రాలు, వజ్రాల నగరం కనుక డబ్బుకు కొదవ లేదు. మైదానం కరువు. అక్కడ పెట్టుబడి పెట్టేవారు పెద్ద పేరు కోసం పరుగెడితే 2014 నాటి తప్పే మళ్లీ చేసినట్టు. కొనాలంటే పద్ధతి ఉంది: ఒక్క ఏడాది ఒప్పందం, ఆడిన మ్యాచ్‌లను బట్టి చెల్లింపు, అన్నిటికన్నా ముందు బంతి అందించే జట్టు. అదీ రెండో, మూడో సీజన్‌లో. తొలి ఏడాది ఆ సొమ్ముతో కోచ్‌లను పెట్టుకోవడం మేలు. టేబుల్ టెన్నిస్‌లో సూరత్ చేసింది అదే. హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్ బయటినుంచి కొనుక్కొచ్చినవారు కారు, ఆ ఊళ్లో పెరిగినవారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి మగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీల పిల్లలు, మనవలు పెరుగుతున్నదీ అక్కడే. వారి కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా పెట్టింది. ఒగ్బెచెకు బంతి అందించిన యాసిర్ లాంటివారిని వెతకాల్సింది అలాంటి బడుల్లో.