వద్దు అనకండి, చాలు అనండి

మీ బంధువుల్లో చక్కెర జబ్బు ఉన్నవారు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టండి. నాకు ఒక చెయ్యి సరిపోలేదు. మన మారిషస్‌లో పెద్దవాళ్లు ఐదుగురిని తీసుకుంటే సుమారు ఒకరికి మధుమేహం ఉంది.

నాకు 54 ఏళ్లు. నిరుడు రక్తపరీక్ష చేయించుకున్నాను. పరగడుపున, అంటే ఉదయం ఏమీ తినకముందు, చక్కెర 6.4 ఉంది. 7 గాని, అంతకన్న ఎక్కువ గాని ఉంటే మధుమేహం అంటారు. నేను ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నానన్నమాట.

మా నాన్నగారు ఆ గుమ్మం దాటారు. ఆయనకు కాలి వేళ్లు రెండు తీసేశారు. గుడిలో రామభజన నాడు దీపం చుట్టూ తిరుగుతూ పాడే మనిషి, చివరి మూడేళ్లు గోడ పక్కన కుర్చీలో కూర్చుని పాడారు. నాకు ఆ కుర్చీ గుర్తుకు వచ్చింది.

ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సు నాతో మాట్లాడింది. ఆమె నన్ను తిట్టలేదు. "ఇది తినకు, అది తినకు" అనలేదు. ప్రశ్నలు అడిగింది. మేము క్రియోల్‌లో మాట్లాడుకున్నాము. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"వారంలో మీకు ఏ రోజు కష్టం?"

"ఆదివారం. గుడి ఉంటుంది, లేదా పెళ్లి ఉంటుంది. మా పిన్ని వడ్డిస్తుంది. కాదనలేను."

"వచ్చే ఆదివారం ఆమెతో ఏమంటారు? ఇప్పుడే నాతో అని చూపించండి."

నేను ఆలోచించాను. మా పిన్నితో నేను తెలుగే మాట్లాడతాను. గుడి తరగతిలో నేను నేర్చుకున్న మాట "వద్దు". ఆదివారం అదే అన్నాను. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముఖం చిన్నబోయింది.

తప్పు నా తెలుగుది. వడ్డించే పెద్దవాళ్లతో "వద్దు" అంటే మొరటుగా ఉంటుంది. "చాలు" అంటే మీరు పెట్టారు, నాకు కడుపు నిండింది అని అర్థం. "చాలు పిన్నీ" అని, అరటాకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి. తరువాతి ఆదివారం అలాగే చేశాను. పిన్ని నవ్వి ముందుకు వెళ్లింది.

చిన్న మార్పులతో లాభం ఉందా అని మీరు అడగవచ్చు. ఉంది. అమెరికాలో మూడు వేలమందికి పైగా ఒక పరిశోధనలో పాల్గొన్నారు. వారందరూ నాలాగే గుమ్మం దగ్గర ఉన్నవారు. కొందరికి ఒక్కొక్క శిక్షకుడిని ఇచ్చారు. వారు వారానికి 150 నిమిషాలు నడవాలి, బరువులో నూటికి 7 వంతులు తగ్గాలి. 70 కిలోల మనిషికి అది సుమారు 5 కిలోలు. ఫలితాలు 2002లో వచ్చాయి. సుమారు మూడేళ్లలో ఆ గుంపులో కొత్తగా మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. 2006లో చెన్నై పరిశోధకులు కూడా మన భారతీయ శరీరాల్లో ఇలాంటి మేలే చూపించారు. అక్కడ బరువు పెద్దగా తగ్గకపోయినా మధుమేహం తగ్గింది.

మన దేశం కథ కూడా వినండి. 1987 తరువాత ప్రభుత్వం రేషన్ నూనెలో పామాయిల్ తగ్గించి సోయా నూనె ఇచ్చింది. ఐదేళ్లలో ప్రజల కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. కాని మధుమేహం తగ్గలేదు. నూనెను ప్రభుత్వం మార్చగలదు. మన బదులు అది నడవలేదు కదా!

నేను చేసినవి నాలుగే. అన్నం సగం చేశాను. పప్పు, ఆకుకూర పెంచాను. మనం బ్రెద్ మురుం అనేది మునగాకే. టీలో చక్కెర మానడానికి రెండు నెలలు పట్టింది. వారానికి ఐదు రోజులు, రాత్రి భోజనం తరువాత అరగంట నడుస్తున్నాను. ఎనిమిది నెలలకు 4 కిలోలు తగ్గాను. పరగడుపున చక్కెర 5.7కి వచ్చింది. మీరు మందులు వాడుతుంటే మాత్రం ముందు డాక్టరుగారిని అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఉగాదికి నేను పిన్ని పక్కన కూర్చున్నాను. నాకు సగం పాయసం వేయమన్నాను. పిన్ని మెల్లగా, "నాకూ సగమే" అంది. తరువాత బయట చెప్పింది. ఆమెకు రెండేళ్లుగా మధుమేహం ఉందట. ఎవరికీ చెప్పలేదు. వడ్డించేవాళ్లు బాధపడతారని అన్నీ తినేదట.

రెండేళ్లు! నేను ఆమె కోసం తిన్నాను, ఆమె మా కోసం తింది.

ఈ ఆదివారం మీరు రెండు మాటలు వాడండి. తినేటప్పుడు "చాలండీ". వడ్డించేటప్పుడు "ఎంత వేయమంటారు?" తరువాత మీ ఇంట్లో పెద్దవాళ్లను, "పరీక్ష చేయించుకున్నారా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా పక్కనే కూర్చోండి.