సెల్‌ఫోన్ అందరిదీ... నంబరు ఎవరిది?

కొత్త యాప్ వచ్చిందంటే చాలు, మా క్లాసు అమ్మాయిలకు పండగే! ఎవరి ఫోన్లో ముందు ఎక్కింది, అందులో ఏమేమి ఉన్నాయి... ఖాళీ దొరికితే ఇవే కబుర్లు. 'చదువుకోకుండా ఆ ఫోనేంటి?' అని ఇంట్లో పెద్దవాళ్లు విసుక్కోవడమూ మామూలే. కానీ మా సంబరమంతా పాటలూ, ఫొటోల గురించే కాదు. ఇంటికి పనికొచ్చేవీ అందులో బోలెడు.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సప్‌లో 'మన మిత్ర' ప్రారంభించింది. తొలివిడతలో 161 సేవలు. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. 95523 00009 నంబరును వెంటనే ఫోన్లో దాచుకున్నాను. 'హాయ్' అని పంపితే చాలు, ఏ సేవ కావాలో ఎంచుకోమని జాబితా వస్తుంది. అదీ తెలుగులో! కొద్దిరోజులకే పరీక్షల హాల్‌టికెట్లు అందులో వచ్చాయి. ఏప్రిల్ 12న ఫలితాలూ అలాగే చూసుకున్నాం. మార్చి 8న మహిళా దినోత్సవం నాడు 'శక్తి' యాప్ వచ్చింది. ఆపదలో ఎస్ఓఎస్ బటన్ నొక్కితే మనం ఎక్కడున్నామో పోలీసులకు తెలుస్తుంది. బస్సులో వచ్చిపోయే అమ్మాయిలం అందరం దాన్ని ఫోన్లో వేసుకున్నాం.

గడప దాటకుండానే...

మాది రాయదుర్గం. వాన కోసం ఎదురుచూడటం, వేరుశనగ మీద ఆశ పెట్టుకోవడం మా ప్రాంతానికి కొత్త కాదు. పొలం మీద నమ్మకం లేని ఇళ్లకు జీన్స్ ప్యాంట్ల కుట్టుపనే దిక్కు. మా అమ్మదీ అదే పని. ఎన్ని కుడితే అన్నింటికే డబ్బులు. సర్టిఫికెట్ కోసమో, బిల్లు కోసమో ఒక పూట వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోయినట్టే.

2001లో హైదరాబాద్‌లో 'ఈ-సేవ' కేంద్రాలు వచ్చాయి. 2011లో 'మీసేవ' వచ్చింది. అన్ని పనులూ ఒకేచోట కావడమే అప్పట్లో గొప్ప. ఇప్పుడు ఆ కౌంటరే చేతిలోకి వచ్చింది. కరెంటు బిల్లు, ఆస్తి పన్ను, ఆర్టీసీ టికెట్... ఇవన్నీ కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే! ఫోన్లో కరెంటు బిల్లు కట్టి చూపిస్తే, "యాడికీ పోకుండానే పనయితాదా పాపా?" అంటూ అమ్మ రసీదును రెండుసార్లు చూసింది. అయితే ఆదాయం సర్టిఫికెట్ లాంటివి అడిగిన వెంటనే రావు. దరఖాస్తు ఫోన్లో పెట్టినా, సిబ్బంది విచారించాకే ఇస్తారు.

ఓటీపీ ఎవరికి?

ఒక ఆదివారం మా వీధిలో ఆడవాళ్లకు ఇవన్నీ చూపిద్దామని కూర్చున్నాను. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలను భద్రంగా ఉంచుకునే 'డిజిలాకర్' 2015 నుంచే ఉంది. అందులో చేరాలంటే ఆధార్‌తో ముడిపడిన నంబరుకు ఓటీపీ వస్తుంది. అక్కడే ఆగిపోయాం! ఒక అక్క ఓటీపీ బళ్లారిలో పనికెళ్లిన భర్త ఫోనుకు పోయింది. ఇంకో పిన్నమ్మది ఎప్పుడో మానేసిన నంబరు. మా అమ్మది నాన్న నంబరు. చేతిలో ఫోను ఉంది, సేవలున్నాయి. తాళంచెవి మాత్రం ఇంకొకరి దగ్గర!

అమ్మ సొంతంగా సిమ్ తీసుకుంటానంటే, "ఇంట్లో ఒక నంబరు చాలదా?" అన్నారు నాన్న. అమ్మ మిషన్ ఆపి నెమ్మదిగా అంది: "డ్వాక్రా సంఘంలో లోనుకు సంతకం నాది. నెలనెలా కట్టేదీ నేనే. నంబరు మాత్రం నాది కాకూడదా?" నాన్న మారుమాట్లాడలేదు. ఆ వారంలోనే అమ్మ ఆధార్ కేంద్రానికి వెళ్లి తన నంబరు రాయించుకుంది. దానికోసం ఒక పూట కూలి పోయినా బాధపడలేదు.

ఇవి గుర్తుంచుకోండి

* మీ ఆధార్‌కూ, బ్యాంకు ఖాతాకూ ఏ నంబరు ఉందో ఈరోజే చూసుకోండి. వాడని నంబరైతే మార్పించుకోండి.

* ఓటీపీ, యూపీఐ పిన్ ఎవరికీ చెప్పొద్దు. డబ్బులు కట్టడానికే పిన్ కావాలి, మనకు రావడానికి అక్కర్లేదు. 'డబ్బు పంపిస్తాం, పిన్ కొట్టండి' అన్నారంటే అది మోసమే!

* వాట్సప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి యాప్ వేసుకోవద్దు.

* డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

నాలాంటి విద్యార్థినులకు ఒక మాట. కొత్త యాప్ గురించి స్నేహితురాలికి ఎంత సంబరంగా చెబుతామో, అమ్మకూ అంతే ఓపికగా చెబుదాం. పని మనమే చేసిపెట్టడం తేలికే. కానీ ఫోను ఆమె చేతికిచ్చి, పక్కన కూర్చుని ఆమె చేతే చేయిస్తే, రేపు మనం హాస్టల్లో ఉన్నా, అత్తారింట్లో ఉన్నా ఆమె పని ఆగదు. మొన్న కరెంటు బిల్లు అమ్మే కట్టింది. రసీదు నాకు పంపింది, కింద 'హాయ్' అని కూడా!